అమ్మినవారి బాధ్యత బిల్లుతో తీరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో కొత్త మోడళ్ల గురించి, ధరల గురించి, తగ్గింపు అమ్మకాల గురించి విరివిగా సమాచారం వస్తోంది. కొన్న వస్తువు పనిచేయకపోతే ఎవరిని, ఏ విధంగా, ఎంత గడువులోగా అడగాలన్న సమాచారం మాత్రం అరుదుగా కనిపిస్తోంది. ఆ లోటును మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

వస్తువు చెడిపోగానే చాలామంది చేసే మొదటి పని వారంటీ కార్డు వెతుక్కోవడం. అందులోని గడువు దాటిపోయి ఉంటే ఇక చేసేదేమీ లేదనుకుంటారు. గడువు ఉన్నా, దుకాణదారు "మాకు సంబంధం లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి" అనగానే వెనుదిరుగుతారు. రెండు సందర్భాల్లోనూ ఉన్న హక్కును తెలియక వదులుకుంటున్నారు. వారంటీ అన్నది సాధారణంగా తయారీదారు తన ఇష్టంతో, తన షరతులతో ఇచ్చే హామీ. అమ్మిన వస్తువు చెప్పిన విధంగా ఉండాలి, ఏ పనికోసం అమ్ముతారో ఆ పనికి అక్కరకు రావాలి అన్నది చట్టం విధించే బాధ్యత. మొదటిదాని గడువు ముగిసినంత మాత్రాన రెండోది దానంతట అది రద్దు కాదు.

మీ పత్రికను చదివే తెలుగువారు అనేక దేశాల్లో ఉన్నారు కనుక, కొన్ని దేశాల నిబంధనలను పక్కపక్కన పెట్టి చూడడం ఉపయోగకరమని భావిస్తున్నాను. ఐరోపా సమాఖ్య 2019లో జారీ చేసిన ఆదేశం ప్రకారం, వస్తువు చేతికి అందిన నాటి నుంచి రెండేళ్లలోపు బయటపడిన లోపానికి అమ్మకందారే జవాబు చెప్పాలి. అందులోనూ మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అందజేసే నాటికే ఉన్నట్లు చట్టం పరిగణిస్తుంది, కాదని నిరూపించుకోవలసిన భారం అమ్మకందారుదే. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, లోపమున్న వస్తువును మొదటి 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసి పూర్తి సొమ్ము వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. ఆ గడువు దాటాక మరమ్మతుకో మార్పిడికో అమ్మకందారుకు ఒక అవకాశం ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, లోపం పెద్దదైతే కొత్త వస్తువు కావాలో సొమ్ము కావాలో ఎంచుకునే అధికారం కొనుగోలుదారుదే. అమెరికాలో 1975 నాటి సమాఖ్య చట్టం, లిఖితపూర్వకంగా వారంటీ ఇచ్చిన సంస్థ, రాసి ఇవ్వకపోయినా వస్తువు పనికి రావాలని చట్టం విధించే అంతర్లీన హామీని పూర్తిగా కాదనకుండా నిరోధిస్తోంది. భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం అనుచిత వాణిజ్య పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ ఆ చట్టం దృష్టిలో అటువంటి తప్పే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో అమ్మకందారు బాధ్యత తొలగిపోదు.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. దీనిని గుర్తించకపోవడం వల్ల అటు కొనుగోలుదారులు, ఇటు అమ్మకందారులు అనవసరమైన వాదనలకు దిగుతున్నారు. వస్తువులో లోపం ఉండడం వేరు, వస్తువు బాగానే ఉన్నా మనసు మారడం వేరు. రంగు నచ్చలేదనో, మరోచోట తక్కువకు దొరుకుతోందనో దుకాణంలో చూసి కొన్న వస్తువును తిప్పి ఇచ్చే హక్కు చాలా దేశాల చట్టాల్లో లేదు, అది కేవలం ఆ దుకాణం పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఐరోపా సమాఖ్యలో కారణం చెప్పనవసరం లేకుండా 14 రోజుల్లో కొనుగోలును ఉపసంహరించుకునే హక్కు ఉన్నా, కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్న వస్తువులకు, త్వరగా పాడయ్యే వాటికి అది వర్తించదు. అమెరికాలో మూడు పనిదినాల ఉపసంహరణ నిబంధన ఇంటికి వచ్చి అమ్మేవారి దగ్గర కొన్న వస్తువుల వంటి వాటి కోసం ఏర్పడినది, ఆన్‌లైన్ కొనుగోళ్లకు వర్తించదు. కనుక మనసు మారే అవకాశం ఉందనుకున్నవారు వాపసు షరతులను డబ్బు చెల్లించకముందే చదవాలి. లోపం ఉన్నవారు ఆ షరతుల దగ్గరే ఆగిపోనవసరం లేదు.

కొనేముందు చూడవలసిన విషయాల్లో ధర ఒక్కటే అందరి దృష్టినీ ఆకర్షిస్తుంది. నా అభిప్రాయంలో అంతకంటే ముందు తెలుసుకోవలసినది అసలు అమ్ముతున్నది ఎవరన్నది. పేరున్న ఆన్‌లైన్ వేదికపై కొన్నంత మాత్రాన ఆ వేదికే అమ్మకందారు కాదు. చాలా సందర్భాల్లో అది అనేకమంది అమ్మకందారులకు చోటిచ్చే సంత మాత్రమే. రేపు ఇబ్బంది వస్తే జవాబు చెప్పవలసిన వ్యక్తి పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ఆ పేజీలోనే ఎక్కడో ఉంటాయి. అవి కనిపించని చోట తక్కువ ధర దొరికినా అది లాభం అనుకోవడానికి వీల్లేదు. భారతదేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని నియమించడం, ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయడం, నెలలోగా పరిష్కరించడం ఆ సంస్థల విధి.

తగ్గింపు ధర విషయానికి వస్తే, కొట్టివేసిన పాత ధర నిజంగా ఎప్పుడైనా అమలులో ఉందా అన్న ప్రశ్న వేసుకోవడం మంచిది. ఐరోపా సమాఖ్యలో 2022 నుంచి అమలవుతున్న నిబంధన, తగ్గింపు ప్రకటించేవారు అంతకు ముందరి 30 రోజుల్లోని కనిష్ఠ ధరనే పాత ధరగా చూపాలని నిర్దేశించింది. అటువంటి నియమం లేనిచోట కొనుగోలుదారే కొన్నాళ్లు ధరను గమనించుకోవాలి. వినియోగదారుల అభిప్రాయాల పేరుతో కనిపించే పొగడ్తలన్నీ నిజమైన కొనుగోలుదారులవి కావు. అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన సమాఖ్య వాణిజ్య కమిషన్ నకిలీ సమీక్షలను నిషేధిస్తూ 2024లో ప్రత్యేక నిబంధన తేవలసి వచ్చిందంటే ఆ సమస్య ఎంతవరకు వెళ్లిందో ఊహించవచ్చు. అయిదు నక్షత్రాల సమీక్షల కంటే రెండు మూడు నక్షత్రాలవి ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం, ఎందుకంటే వాటిలో ఏది ఎన్నాళ్లకు పాడైందో, ఫిర్యాదు చేస్తే సంస్థ ఎలా స్పందించిందో తరచుగా ఉంటుంది.

వస్తువు ఎంచుకుని, డబ్బు కట్టబోయే చివరి నిమిషంలో అదనపు వారంటీ తీసుకోమని చేసే ఒత్తిడికి వెంటనే లొంగనవసరం లేదు. చట్టం ప్రకారం ఇప్పటికే ఉన్న హక్కుకు మించి అది ఏమిస్తోంది, ఇస్తున్నది తయారీదారా మరో సంస్థా, ఏ భాగాలను మినహాయించారు, మరమ్మతు ఇంటికి వచ్చి చేస్తారా లేక వస్తువును మనమే మోసుకెళ్లాలా అన్నవి అడిగి, కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివి, తర్వాత నిర్ణయం చెబుతాననడంలో తప్పేమీ లేదు. తర్వాత ఇవ్వం, ఇప్పుడే తీసుకోవాలి అంటే, తీసుకోకపోవడమే మంచిదని నేను భావిస్తాను.

డబ్బు చెల్లించే పద్ధతి కూడా రేపటి పరిష్కారాన్ని ప్రభావితం చేస్తుంది. అపరిచిత అమ్మకందారు వ్యక్తిగత ఖాతాకు నేరుగా పంపిన సొమ్మును వెనక్కి రప్పించడం చాలా కష్టం. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే బ్యాంకు ద్వారా లావాదేవీపై వివాదం లేవనెత్తే మార్గం ఉంటుంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్న వస్తువు విషయంలో అమ్మకందారుతో పాటు కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లులోని తప్పును, అది కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. అమ్మకందారు రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతుంటే ఆ గడువు నిశ్శబ్దంగా గడిచిపోతుంది. మాటలు ఒకవైపు సాగుతుండగానే బ్యాంకుకు రాయడం మంచిది.

ఇక ఫిర్యాదు గురించి. ఎంతో న్యాయమైన ఫిర్యాదులు కూడా వీగిపోవడానికి నేను గమనించిన ప్రధాన కారణం, అవి నోటిమాటగానే మిగిలిపోవడం. దుకాణంలో గట్టిగా మాట్లాడి రావడం వల్లగానీ, కస్టమర్ కేర్‌కు పదేపదే ఫోన్ చేయడం వల్లగానీ రేపు ఏ అధికారి ముందైనా చూపడానికి ఒక్క కాగితమూ మిగలదు. ఎవరు ఏమి హామీ ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో తేల్చి చెప్పలేని పరిస్థితి వస్తుంది. అందుకే ఫోన్‌లో మాట్లాడినా, మాట్లాడిన సారాంశాన్ని అదే రోజు ఈమెయిల్‌లో సంస్థకు రాసి పంపాలి. వారిచ్చిన ఫిర్యాదు నంబరును అందులో పేర్కొనాలి. సర్వీస్ సెంటర్‌లో వస్తువు అప్పగించినప్పుడు ఇచ్చే జాబ్ షీట్‌లో లోపాన్ని మన మాటల్లోనే రాయించాలి. "చెక్ చేయాలి" అని రాసి ఇచ్చిన కాగితం తర్వాత దేనికీ పనికిరాదు. అదే లోపం రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు ఈ షీట్లే ప్రధాన సాక్ష్యాలు. మరమ్మతు చేసిన ప్రతిసారీ ఏ భాగం మార్చారో కూడా రాయించుకోవాలి.

ఫిర్యాదు లేఖ పొడుగ్గా ఉండనవసరం లేదు. కొన్న తేదీ, బిల్లు నంబరు, మోడల్, సీరియల్ నంబరు, లోపం ఎప్పుడు ఎలా బయటపడింది, ఇంతవరకు ఏమి జరిగింది అన్నవి వరుసగా చెప్పి, చివర తాము కోరుతున్నదేమిటో ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయాలి. మరమ్మతా, మార్పిడా, సొమ్ము వాపసా అన్నది చెప్పకుండా "తగిన చర్య తీసుకోగలరు" అని ముగించిన లేఖకు తగిన చర్య ఏమిటో నిర్ణయించుకునే స్వేచ్ఛ అవతలివారికే దక్కుతుంది. జవాబుకు సహేతుకమైన గడువు పెట్టాలి. బిల్లు అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకుండా నకలు మాత్రమే జతచేయాలి. వెలిసిపోయే కాగితంపై ముద్రించిన రసీదులను కొన్న రోజే ఫోటో తీసి ఉంచుకోవడం అవసరం. సంస్థ ఉద్యోగి పట్ల దురుసు మాట ఒక్కటీ ఆ లేఖలో ఉండకూడదని కూడా చెప్పదలిచాను. అక్కడ కూర్చున్న వ్యక్తి ఆ వస్తువును తయారు చేయలేదు, పైఅధికారికి పంపవలసింది మాత్రం ఆ వ్యక్తే. లోపం తెలిసిన తర్వాత వస్తువును వాడుతూ పోవడం, బయటి మెకానిక్‌తో విప్పించడం కూడా కేసును బలహీనపరుస్తాయి.

ఫిర్యాదు చేసే తొందరలో ఉన్నవారినే లక్ష్యంగా చేసుకునే మోసగాళ్ల గురించి మీ పత్రిక తరచుగా హెచ్చరించాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో నకిలీవి ఉంటాయి. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో, బిల్లుపై, వస్తువు పెట్టెపై ఉన్న నంబరునే వాడాలి. సొమ్ము వాపసు చేస్తామంటూ ఓటీపీ గానీ పిన్ గానీ అడిగినా, ఫోన్‌లో ఏదైనా యాప్ వేసుకోమన్నా ఆ మాటలు అక్కడితో ఆపేయాలి, డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. పొరపాటున చెప్పేసినవారు సిగ్గుపడి దాచుకోకుండా ఆ క్షణమే బ్యాంకుకు తెలియజేయాలి. భారతీయ రిజర్వు బ్యాంకు 2017లో జారీ చేసిన సూచనల ప్రకారం, ఖాతాదారు స్వయంగా వివరాలు బయటపెట్టిన సందర్భంలో బ్యాంకుకు చెప్పేంతవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుదే.

సంస్థ నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా తర్వాతి మెట్టు దేశాన్ని బట్టి అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులను విచారించే స్వతంత్ర అధికారి), మధ్యవర్తిత్వ సంస్థ, చిన్న మొత్తాల వివాదాల కోర్టు, వినియోగదారుల కమిషన్ ఏదైనా కావచ్చు. భారతదేశంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. వివాదం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా కమిషన్‌ను ఆశ్రయించాలి, తాము నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయలలోపు అయితే రుసుము కూడా లేదు. ఈ నాలుగు విషయాలు తెలియకపోవడం వల్లనే, కోర్టు ఖర్చు వస్తువు ధరను మించిపోతుందన్న భయంతో ఎందరో ఇంటివద్దే ఆగిపోతున్నారు.

కాబట్టి మీ పత్రిక నెలకొకసారైనా కొంత స్థలం కేటాయించి, ఈ గడువులను, ఫిర్యాదు అధికారుల చిరునామాలను, నింపుకోవడానికి వీలైన ఒక నమూనా ఫిర్యాదు లేఖను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పాఠకులు పంపే ఫిర్యాదుల్లో ఆధారాలున్న వాటిని ఎంపిక చేసి, సంబంధిత సంస్థ వివరణ కూడా తీసుకుని రెండింటినీ కలిపి ప్రచురిస్తే, అటువంటి ఇబ్బందిలోనే ఉన్న మరొకరికి ఏ కాగితం పనిచేసిందో, ఏది పనిచేయలేదో తెలిసే వీలుంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు