మూడు రోజుల టూర్‌లో సముద్రం రెండో రోజే

సంపాదకులకు,

సెలవులు దగ్గర పడితే చాలు, ‘స్నేహితులతో తక్కువ ఖర్చులో మూడు రోజులు’ లాంటి వ్యాసాలు పర్యాటక పేజీల నిండా వస్తాయి. కోట, మ్యూజియం, బీచ్, తిండి అన్నీ ఉంటాయి. ఏ రోజు ఏది అన్నదే ఉండదు. డబ్బు కారిపోయేది అక్కడే.

రాత్రి బండెక్కితే ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది, నిజమే. కానీ తెల్లారి ఆరింటికి దిగితే గది చేతికొచ్చేది మధ్యాహ్నానికి. ఈలోగా బీచ్‌కి పోతే ఒళ్లంతా ఉప్పు, ఇసుక, భుజాన బ్యాగులు. ‘స్నానానికి ఒక పూట ఏదో గది తీసుకుందాం’ అని ఎవరో అననే అంటారు. మిగిలిందనుకున్న అద్దె కాస్తా పోతుంది. ఆఖరి రోజూ అంతే: పదకొండుకో పన్నెండుకో గది ఖాళీ చేయాలి, తడిబట్టలు బ్యాగులో ముక్కిపోతాయి. అందుకే దిగిన రోజు సామాను దిగబోయే చోటే అప్పగించి మ్యూజియం, పాత వీధులు. రెండో రోజు సముద్రం. మూడో రోజు సంత, తిండి. మొదటి రోజు సోమవారం కాకుండా చూసుకోవాలి. చాలా ఊళ్లలో మ్యూజియాలకు అదే సెలవు, కొన్నిచోట్ల మంగళవారం. టికెట్లివ్వడం కూడా మూసే వేళకు అరగంటో గంటో ముందే ఆపేస్తారు. ప్రార్థనా స్థలాల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకోమంటారు కాబట్టి మనిషికో పల్చటి తువ్వాలు ఉంచుకుంటే మర్నాడు ఇసుకలో పరుచుకోవడానికీ పనికొస్తుంది.

సముద్రానికి రోజొక్కటే చూస్తే చాలదు, వేళా చూడాలి. చాలా తీరాల్లో నీరు రోజుకు రెండుసార్లు పైకొస్తుంది, అది పోటు; రెండుసార్లు వెనక్కి పోతుంది, అది పాటు. పోటు నుంచి పాటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఉదయం 8కి పాటు అయితే మూడు రోజుల తర్వాత అది పదిన్నరకు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ పైకొస్తుంది; పాటు వేళ రాళ్ల మీదుగా నడిచిపోయిన చిన్న బీచ్ నుంచి తిరిగి రావడానికి దారి ఉండదు.

ఇంకోటి. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం నల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు ఇదే నయమని అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అది, రిప్ కరెంట్. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఫ్రెండ్ కదా అని వట్టి చేతులతో వెంట దూకితే ఇద్దరూ పోతారు; తేలే వస్తువేదైనా విసిరి లైఫ్‌గార్డును పిలవాలి.

సన్‌స్క్రీన్ ఒళ్లంతా ఒక్కసారి పట్టించడానికి సుమారు 30 మి.లీ. కావాలి. అంటే నలుగురికి 100 మి.లీ. ట్యూబు మొదటి పూతకే చాలదు. పైగా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొడుగు చేతుల చొక్కాతో నీళ్లలో దిగితే సగం ట్యూబు మిగులుతుంది.

తిండి దగ్గర గొడవంతా చేపతోనే. చాలాచోట్ల మెనూలో ధర 100 గ్రాములకు రాస్తారు. ఎంచుకున్న చేప కిలో 200 గ్రాములు తూగితే బిల్లు ఆ రాసిన ధరకు పన్నెండు రెట్లు. తూకం కడగకముందా, కడిగాకా, వండినందుకు వేరే తీసుకుంటారా అన్నది పొయ్యి ఎక్కకముందే అడగాలి.

ఖర్చులకు అందరూ సమానంగా వేసి ఒకరి దగ్గర ఉంచండి. గది, బండి, టికెట్లు, కలిసి తిన్నది అందులోంచి. మందు, షాపింగ్ ఎవరివి వాళ్లవి. తాగనివాడి చేత తాగినవాళ్ల బిల్లు కట్టిస్తే రెండో రాత్రికే మాటలుండవు. ఐదో మనిషి వస్తానంటే ముందు లెక్క చూడండి, మామూలు కారులో డ్రైవర్ కాక నలుగురికే చోటు.

మీ వాతావరణ పట్టికలో సూర్యోదయం పక్కన పోటు, పాటు వేళలు కూడా వేయగలరా? పర్యాటక వ్యాసాల్లో ప్రతి మ్యూజియం పేరు పక్కన దాని సెలవు రోజు కూడా.

– ఒక పాఠకుడు