అక్కకీ, ఆ ఆరు శనివారాలకీ

చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను, ఈరోజు కుదిరింది. నేను హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్ సోషల్ వర్కర్‌ని. క్యాన్సర్ ముదిరి ఇక నయం కాదని తేలినవాళ్ల ఇళ్లకు డాక్టర్, నర్సుతో కలిసి వ్యాన్‌లో వెళ్తాం. వాళ్లు నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తారు, పుండ్లకు కట్టు కడతారు. నా చేతిలో ఉండేది ఫైలు. పింఛను, రేషన్ కార్డు, పిల్లల ఫీజు, ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్. ఆమధ్య మా పేషెంట్లు వరసగా పోయారు. అన్నం కలుపుకుని తినకుండా అలాగే కూర్చునేదాన్ని. పోయేవాళ్లకు నేను చేస్తున్నదేంటి, జిరాక్స్‌లు తీయించడమేగా అనిపించి రాజీనామా కూడా రాసిపెట్టుకున్నాను.

అప్పుడు అక్క మమ్మల్ని నలుగురినీ ఆరు శనివారాలు మెహదీపట్నంలో వాళ్లింటికి పిలిచింది. ఈ పనిలోనే రిటైరైన మనిషి, పేరు రాయొద్దని ఒట్టు పెట్టించుకుంది. ధైర్యం చెప్పలేదు. ఒక్కొక్కరం ఒక్కో పేషెంటు గురించి చెప్పమంది, అంతే. నేను బోరబండ ఆటో అన్న గురించి చెప్పాను. ఆటో వాళ్లావిడ పేరుకు మార్పించడానికి మూడుసార్లు తిరిగాను. ఆర్‌సీ చేతికిస్తే పాలిథిన్ కవర్లో చుట్టి దిండు కింద పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోయాడని పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది.

"అంతకుముందు నిద్రెందుకు పట్టలేదు?" అంది అక్క. మాత్రలు వేళకి పడుతూనే ఉన్నాయి. తను పోతే ఆటో అన్నదమ్ములు లాక్కుంటారని ఆయన భయం. "మరి అది నొప్పి కాదా, నువ్వు తగ్గించింది?"

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ డాక్టర్ కాకముందు నర్సు, ఆ తర్వాత ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అని కూడా అక్కే చెప్పింది. ఒంటి నొప్పి, మనసు, ఇంటి సమస్యలు, దేవుడి మీద వచ్చే ప్రశ్నలు అన్నీ కలిపి ఆవిడ 'టోటల్ పెయిన్' అంది. నా ఫైలు కూడా అందులో ఉందని నాకప్పుడు తట్టింది, ఆ రోజు బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

బాధ పోయిందని అబద్ధం చెప్పను. మొన్న ఎనిమిదేళ్ల పాప పోయింది, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ సోమవారం వ్యాన్ ఎక్కాను.

అక్కా, మీకు చాలా చాలా థాంక్స్. మా శనివారం డ్యూటీలు మోసిన నర్సమ్మలకు కూడా. వచ్చే శనివారం నుంచి మా ఇంట్లో కూర్చుంటున్నాం, కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. ఐదింటికల్లా మీరూ రండి.