లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 1984: జమా ఖర్చుల వివరణ

1984 జులై 28 నుంచి ఆగస్టు 12 వరకు లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఒలింపిక్ క్రీడలకు వచ్చిన పైకమెంత, ఖర్చయినదెంత, మిగిలినది ఎవరికి చేరిందన్న లెక్కను నిర్వాహక సంఘం తరఫున ప్రజల ముందు ఉంచుతున్నాము. తిరిగి వసూలయ్యే పూచీ లేకుండా నగర ఖజానా నుంచి ఈ క్రీడలకు సొమ్ము వెచ్చించరాదని ఓటర్లు 1978 నవంబరులోనే నగర చార్టర్‌ను (నగర పాలనకు మూలమైన చట్టాన్ని) సవరించారు. మాంట్రియల్ వాసులు 1976 క్రీడల అప్పును అప్పటికింకా తీరుస్తూనే ఉన్నారు కనుక ఆ జాగ్రత్తను తప్పుపట్టలేము.

మొత్తం జమ సుమారు 76 కోట్ల 90 లక్షల డాలర్లు. ఇందులో పెద్ద పద్దు టెలివిజన్ హక్కులది. అమెరికాలో ప్రసారానికి ఏబీసీ సంస్థ ఒక్కటే 22 కోట్ల 50 లక్షల డాలర్లకు ఒప్పుకొంది. టికెట్లు, ప్రాయోజక సంస్థల చెల్లింపులు ఆ తర్వాతి పద్దులు. ఒలింపిక్ జ్యోతిని మోసుకెళ్లే కాగడా పరుగులో కిలోమీటరుకు 3,000 డాలర్ల చొప్పున వచ్చిన కోటి డాలర్లకు పైబడిన విరాళాలను యువజన సేవా సంస్థలకే ఇచ్చాము. పవిత్రాగ్నిని అమ్ముకుంటున్నారని ఆ జ్యోతిని వెలిగించే గ్రీసులో అభ్యంతరం వచ్చింది కాబట్టి ఈ మాట విడిగా చెప్పవలసి వస్తోంది.

ఖర్చు సుమారు 54 కోట్ల 60 లక్షల డాలర్లు. ఇది అదుపులో ఉండటానికి ముఖ్య కారణం కొత్త కట్టడాల జోలికి పెద్దగా పోకపోవడమే. ప్రధాన వేదిక 1932 క్రీడలు చూసిన కొలీజియం స్టేడియమే. క్రీడాకారులకు విశ్వవిద్యాలయాల వసతి గృహాలు సరిపోయాయి. ఈత కొలనును మెక్‌డొనాల్డ్స్, సైకిల్ పందేల ట్రాక్‌ను సెవెన్ ఎలెవెన్ అనే ప్రాయోజక సంస్థలు తమ సొమ్ముతో కట్టించాయి.

ఎక్కువమంది అడుగుతున్నది మిగులు గురించి. క్రీడలకు ముందు ఒకటిన్నర కోటి డాలర్లు మిగలవచ్చని చెప్పిన మేము, లెక్కలు తేలాక 22 కోట్లు దాటిందని, చివరకు 23 కోట్ల 25 లక్షల డాలర్లని చెప్పవలసి వచ్చింది. న్యూయార్క్‌లో కాగడా బయలుదేరిన మే 8నే సోవియట్ యూనియన్ తాను రావడం లేదని ప్రకటించింది. అలాంటి దెబ్బలకు వెరచి రాబడిని తక్కువగా, ఖర్చును ఎక్కువగా అంచనా కట్టాము. తీరా చూస్తే 140 దేశాల జట్లు వచ్చాయి. ఇంత మిగులుతుందని ముందే తెలిసి ఉంటే తమకూ ఏదో ముట్టజెప్పేవారు కదా అని, జీతం లేకుండా శ్రమించిన వేలాది స్వచ్ఛంద సేవకులు అడిగితే కాదనలేము. అంచనా తప్పు మాదే.

అయితే మిగులు పంపకం మా ఇష్టానికి వదిలినది కాదు. ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం 40 శాతం అమెరికా ఒలింపిక్ కమిటీకి, 20 శాతం ఆయా క్రీడల జాతీయ సంఘాలకు చేరింది. తక్కిన 40 శాతం, అంటే 9 కోట్ల 30 లక్షల డాలర్లు, దక్షిణ కాలిఫోర్నియా పిల్లల, యువకుల క్రీడల కోసం ఏర్పాటైన అమెచ్యూర్ అథ్లెటిక్ ఫౌండేషన్‌ది.