చంద్రగిరి కోట బాధ్యతలు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది తిరుపతి. ఇంటికి చుట్టాలు వస్తే, కొండ దర్శనం అయ్యాక చంద్రగిరికి తీసుకెళ్లడం మాకు అలవాటు. అందరూ నేరుగా రాజమహల్‌కు వెళ్తారు. మ్యూజియంలోని విగ్రహాలు చూస్తారు, రాణిమహల్ ముందు ఫోటో దిగుతారు, సాయంత్రమైతే ధ్వని కాంతి ప్రదర్శన చూసి వెళ్లిపోతారు. తాము నడిచింది ఒక సైనిక దుర్గంలో అన్న సంగతే వారికి తట్టదు!

పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన చోటు ఇది. 1639లో మద్రాసు నేల ఆంగ్లేయుల చేతికి పోయింది ఈ ఏలుబడిలోనే. 1646లో గోల్కొండ సేనలకు, 1782లో హైదర్ అలీకి లొంగింది కూడా ఈ కోటే. యుద్ధం చూసినవి మహళ్లకన్నా ముందు ఆ ప్రాకారాలు, కందకం, వెనుకనున్న కొండ. కలపదూలాలు లేకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తుల రాజమహల్ ఎలా నిలిచిందో చెబితే మా పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. మేస్త్రీలైతే ఇంకా శ్రద్ధగా వింటారు.

అందుకని ఒక్క కోరిక. ప్రాకారం వెంట నడిచే దారి చూపించండి. మలుపు మలుపునా తెలుగులో, పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాల బోర్డు పెట్టించండి. శత్రువు ఎటునుంచి వచ్చేవాడో, కావలివారు ఎక్కడ నిలిచేవారో రాస్తే చాలు.

ఇట్లు,
తిరుపతి వాసి ఒకరు