ఇకపై మా షాపులో కుక్కపిల్లల్ని అమ్మం

అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా షాపులో కుక్కపిల్లల అమ్మకం పూర్తిగా ఆపేశాం. డాగ్ ఫుడ్, బెల్టులు, షాంపూలు, గ్రూమింగ్ ఎప్పటిలాగే ఉంటాయి. పిల్ల కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వచ్చి మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఫోన్ చేసినా చాలు, అకౌంట్‌లో వేసేస్తాను. ఎందుకు ఆపేశారని చాలామంది అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పడమే మంచిదనిపించింది.

నాలుగేళ్లుగా ఒకే మధ్యవర్తి దగ్గర పిల్లల్ని తీసుకునేవాణ్ణి. ల్యాబ్రడార్, పగ్, షిట్జూ, ఏది అడిగినా రెండు మూడు రోజుల్లో షాపు ముందు దింపేవాడు. ఒక్కసారి కూడా లేదనలేదు. మంచి పనిమంతుడనుకున్నాను. మామూలుగా ఆడకుక్క ఏడాదికి ఒకటి రెండుసార్లే ఎదకు వస్తుంది. కట్టాక ఈనడానికి 63 రోజులు పడుతుంది. పుట్టిన పిల్లలు కనీసం 8 వారాలు తల్లి దగ్గర ఉండాలి. అంటే ఒక్క పిల్ల చేతికి రావాలన్నా నాలుగు నెలల మాట. ఎప్పుడడిగినా, ఏ జాతి అడిగినా మూడో రోజుకల్లా పిల్ల సిద్ధంగా ఉందంటే ఆడకుక్కలు ఎన్ని ఉండాలి, అవి ఎలా బతుకుతూ ఉండాలి? నాలుగేళ్లలో ఒక్కరోజైనా ఈ లెక్క వేసుకోలేదు నేను.

రెండు నెలల కిందట ఒక కుటుంబం మా దగ్గర ల్యాబ్రడార్ (ల్యాబ్) పిల్లను తీసుకెళ్లింది. నాలుగో రోజు పొద్దున అది తిండి మానేసింది. సాయంత్రానికి వాంతులు, రాత్రికి రక్తవిరేచనాలు. పార్వో అన్నారు, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. కబురు తెలిసి నేనూ ఆస్పత్రికి వెళ్లాను. ముందు కాలికి సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు గారు బొటనవేలితో దాని పెదవి పైకెత్తి నాకు చూపించారు. ముందు పళ్లు సగం సగమే వచ్చాయి. దవడ పళ్ల దగ్గర ఉత్త చిగుళ్లే. 8 వారాల పిల్లకైతే 28 పాలపళ్లూ దాదాపుగా వచ్చేసి ఉంటాయట. "దీనికి అయిదు వారాలు నిండాయో లేదో" అన్నారాయన. నేనిచ్చిన టీకా పుస్తకంలో మాత్రం తొమ్మిది వారాలని, రెండు డోసులు పడ్డాయని ఉంది. ఆ పేజీ కూడా నా ముందు పెట్టారు. రెండు వారాల తేడా ఉన్న రెండు తేదీలూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టున్నాయి. మందు సీసా మీద నుంచి తీసి అంటించే స్టిక్కర్ లేదు. డాక్టరు సీలు, సంతకం లేవు. ఆ పుస్తకాన్ని నా చేతులతో ఎన్నిసార్లు తిప్పి ఉంటానో!

మూడో రాత్రి ఆ పిల్ల చనిపోయింది. ఆ ఇంటి పాప దానికి పేరు కూడా పెట్టుకుంది.

పార్వో సోకాక లక్షణాలు బయటపడటానికి ఎక్కువగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. కాబట్టి అది ఆ ఇంట్లో అంటుకునే అవకాశం తక్కువ. పుట్టినచోటో, దారిలోనో, నా షాపులోనో అంటుకుని ఉండే అవకాశమే ఎక్కువ. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, నేల తుడిచే మామూలు మందులు చాలావాటికి లొంగదు. షాపంతా ఖాళీ చేసి బ్లీచ్‌తో కడిగించాను. ఆ కుటుంబానికి పిల్ల డబ్బులు, ఆస్పత్రి ఖర్చు ఇచ్చేశాను. ఇచ్చినంత మాత్రాన తీరేది కాదని నాకు తెలుసు.

తర్వాత ఆ మధ్యవర్తిని తల్లికుక్కను చూపించమన్నాను. వారం పాటు ఏవో సాకులు చెప్పి, చివరికి ఒక ఇంటికి తీసుకెళ్లాడు. హాల్లో శుభ్రమైన చాప మీద ఒక ల్యాబ్, పక్కనే బుట్టలో నాలుగు పిల్లలు. నేనే బుట్టలోంచి పిల్లల్ని తీసి కింద వదిలాను. ఒక్కటి కూడా దాని దగ్గరికి పోలేదు. అదీ వాసన చూసి లేచి పక్కకెళ్లిపోయింది. పాలిచ్చే కుక్కకు రొమ్ములు వేలాడుతుంటాయి, చుట్టూ బొచ్చు పలచబడి ఉంటుంది. దీని పొట్ట బిగుతుగా, నున్నగా ఉంది. అది ఆ పిల్లల తల్లి కాదు. అసలు తల్లి ఎక్కడుందో అతను చెప్పలేదు, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజే అతనితో లావాదేవీలు మానేశాను.

పప్పీ మిల్లు, అంటే అమ్మకం కోసం కుక్కల్ని వరసగా ఈనించే చోటు, అనగానే కంపు కొట్టే షెడ్డు, వరసగా తుప్పు పట్టిన బోనులు అనుకునేవాణ్ణి. అలాంటివి ఉన్నాయి కూడా. కానీ కొనేవాళ్లకు ఆ షెడ్డు ఎప్పుడూ కనపడదు. వాళ్లకు కనపడేది శుభ్రమైన హాలో, ఫోన్‌లో ఫొటోలో, నా షాపో. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి లూసీ చట్టం అమల్లో ఉంది. ఆరు నెలల లోపు కుక్కపిల్లల్ని, పిల్లి పిల్లల్ని మధ్యవర్తులు, పెట్ షాపులు వ్యాపారానికి అమ్మడానికి వీల్లేదు, పెంచినవాళ్లే అమ్మాలి. లూసీ ఒక కావలియర్ జాతి కుక్క. పిల్లల కోసమే ఈనించే చోటు నుంచి 2013లో దాన్ని బయటికి తెచ్చారు. ఆ చట్టం గురించి చదువుతుంటే అది నా గురించే రాసినట్టనిపించింది. తల్లికీ మీకూ మధ్య అడ్డంగా నిలబడింది నేనే కదా.

పిల్లను ఎక్కడ తీసుకోవాలని మీరు అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఒకటే. తల్లి ఉన్నచోటికి వెళ్లండి. పిల్లలు దాని పాలు తాగుతుంటే కళ్లారా చూడండి. "మీకెందుకండీ శ్రమ, సగం దారిలో కలుద్దాం, నేనే తెచ్చిస్తా" అంటే వద్దనేయండి. "ఒక్కటే మిగిలింది, ఇప్పుడే టోకెన్ వేయండి" అన్నా అంతే.

మంచి బ్రీడర్ దగ్గర మీకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఇంట్లో పగలు ఎవరుంటారు, ఇంతకు ముందు కుక్కను పెంచారా, అది ఏమైంది అంటూ ఆరా తీస్తారు. నెలలు ఆగమంటారు. మీకు కుదరకపోతే పిల్లను తిరిగి మాకే ఇవ్వండి, ఎన్నేళ్ల తర్వాతైనా సరే అని రాసిస్తారు. పెంచేది ఒకటి రెండు జాతులే. తల్లి ఎన్నిసార్లు ఈనింది, మధ్యలో ఎంత విరామం ఇచ్చారు అని అడిగితే తడుముకోకుండా చెబుతారు.

"కెన్నెల్ క్లబ్ పేపర్లున్నాయి" అన్న మాటకు పడిపోకండి. అవి పిల్ల వంశం చెబుతాయి, ఆరోగ్యం సంగతి చెప్పవు. అడగాల్సింది తల్లిదండ్రుల పరీక్షల రిపోర్టులు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటివాటిలో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు వంశంలో నడుస్తుంది. అమెరికాలో 1966 నుంచి కుక్కల తుంటి ఎక్స్‌రేలు పరిశీలిస్తున్న ఓఎఫ్ఏ సంస్థ, 24 నెలలు నిండితే గానీ తుది గ్రేడు ఇవ్వదు. మరి ఏడాదికే తల్లిని చేసిన కుక్కకు అలాంటి రిపోర్టు ఎక్కడి నుంచి వస్తుంది? "డాక్టరు చూశారు, హెల్తీగా ఉంది" అనేది ఈ పరీక్షతో సమానం కాదు. ఇక మరీ చిన్నగా ఉండే కుక్కల్ని అమ్మడానికి వాడే "టీకప్" అనే పేరుతో జాతి అసలు లేదు. మచ్చమచ్చల మెర్ల్ రంగు ఉన్న రెండు కుక్కల్ని కలిపితే, సగటున నాలుగింట ఒక పిల్లకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. చెవుడు, గుడ్డితనం వచ్చే ప్రమాదం అలాంటివాటికి చాలా ఎక్కువ. అరుదైన రంగని ఎవరైనా ఎక్కువ ధర చెబితే ముందు తల్లిదండ్రుల రంగులు అడగండి.

ఒక్క విషయం చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. అలాంటి చోటికి వెళ్లి, మూలన వణుకుతున్న పిల్లను చూస్తే దాన్నైనా కాపాడదామనిపిస్తుంది. మనసున్న ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మీరిచ్చే డబ్బుతో దాని తల్లి మళ్లీ కడుపు మోయాల్సి వస్తుంది. ఫొటోలు, చిరునామా మీ ఊళ్లోని జంతు సంక్షేమ సంస్థకో, అధికారులకో ఇవ్వండి. డబ్బు మాత్రం ఇవ్వకండి.

పిల్లను చూడటానికి వెళ్లేటప్పుడు తోడు కావాలంటే ఆదివారాలు నేను వస్తాను. దీనికి ఏమీ తీసుకోను. టీకా పుస్తకం ఫొటో పంపినా చూసి చెబుతాను.

ఈ నాలుగేళ్లలో నా దగ్గర పిల్లను తీసుకున్నవాళ్లకు ఇంకో మాట. మీ పుస్తకంలోని టీకాలను నమ్మకండి. డాక్టరుకు చూపించి అవసరమైనవి మళ్లీ వేయించండి. మీ కుక్క లేవడానికి ఇబ్బంది పడుతున్నా, మెట్లెక్కనంటున్నా తుంటి ఎక్స్‌రే తీయించండి. ఈ రెండింటి ఖర్చూ నాదే, బిల్లు తెచ్చివ్వండి. పాత రసీదులు ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, సగం మంది అయ్యారు. మిగతావాళ్లకు ఈ వారంలో చేస్తాను. నంబరు మారినవాళ్లు దయచేసి ఒకసారి షాపుకు రండి.