ఎండను కోరుకునే గజేనియా

ఎడిటర్ గారికి నమస్కారం.

మన గుంటూరులో ఇంటి ముందు పూలమొక్కలంటే బంతి, చామంతి దగ్గరే ఆగిపోతున్నాం, అదే కుటుంబానికి చెందిన గజేనియాను కూడా ఒకసారి పెట్టి చూడమని అడగడానికే ఈ ఉత్తరం. ఇది దక్షిణాఫ్రికా మొక్క. జానెడు ఎత్తే పెరుగుతుంది కాబట్టి దారి అంచుల్లో, రాళ్ల మధ్య చక్కగా సర్దుకుంటుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల పూలు ఎండ పడితేనే విచ్చుకుంటాయి, మబ్బు పట్టినా సాయంత్రమైనా ముడుచుకుంటాయి, అందుకే దీన్ని నీడలో పెట్టొద్దు.

మన దగ్గర అసలు ఇబ్బంది నల్లరేగడి. నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుంది, మా ఇంట్లో మొదటి ఏడాది నారంతా అలాగే పోయింది, ఎంత బాధపడ్డానో! తర్వాత మట్టిలో సగం ఇసుక, కాస్త చిన్న కంకర కలిపి, గట్టులా ఎత్తు చేసి నాటాను, బతికాయి. వానలు తగ్గాక విత్తనం వేస్తే చలికాలం చివర్లో పూలు చూడొచ్చు. పై మట్టి ఆరాకే నీళ్లు పోయాలి, వాడిన పూలు తుంచేస్తుండాలి. ఎరువు ఎక్కువైతే ఆకులే.

రోడ్డు డివైడర్ల మీద ట్యాంకర్ నీళ్లతో బతికే మొక్కల బదులు చలికాలంలో వీటిని వేస్తే నీళ్లు కూడా మిగులుతాయి కదా, మున్సిపల్ అధికారులు దయచేసి ఆలోచించండి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు