మా జెన్ ఇంజన్ పనిలో చెయ్యి వేసినవాళ్లకు కృతజ్ఞతలు

మా నాయన మారుతి జెన్ కారు మళ్లీ రోడ్డెక్కింది. బానెట్ ఎత్తితే నల్ల ట్యాపెట్ కవరు (ఇంజన్ పైమూత), వెండి రంగు ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాలు), బ్రాకెట్లన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. వాటికి పౌడర్ కోటింగ్ వేశాం, అంటే పొడి రంగును కరెంటు గన్నుతో చల్లి, ఓవెన్‌లో కాల్చి అంటించడం. పనంతా చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, మా ఇంటెనక రేకుల షెడ్డులోనే జరిగింది. చూసినవాళ్లు నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు ఎవరికి చెందాలో అందరి ముందూ చెప్పాలని రాస్తున్నా.

మొదట మేస్త్రీకి. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో పౌడర్ కోటింగ్ లైన్ మీద ఏళ్ల తరబడి చేసి రిటైరైన పెద్దాయన. పేరు రాయొద్దన్నారు, రాయను. మా మామ నంబరిస్తే ఏవో సందేహాలు అడుగుదామని ఫోన్ చేశా. "ఫోన్లో చెప్తే వచ్చే పని కాదు నాయనా, నేనే వస్తా" అని తిరుపతిలో బస్సెక్కి, చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరొచ్చారు. బస్సు చార్జీ కూడా తీసుకోలేదు. అమ్మ పెట్టిన రాగిసంకటి మాత్రం కాదనలేదు.

వచ్చీ రాగానే గన్ను చూపించబోతే పక్కన పెట్టమన్నారు. "పౌడరు కొట్టడం కడాపని. ముందు కడుగుదాం" అన్నారు. ట్యాపెట్ కవరు తిప్పి లోపలి రేకు చూపించారు. ఆయిల్ ఎగిరి బ్రీదర్ పైపులోకి పోకుండా అడ్డముండే రేకు అది. కవరును బ్లాస్టింగ్ చేస్తే, అంటే గాలి ఒత్తిడితో సన్న గాజుపూసలు కొట్టి శుభ్రం చేస్తే, అవి ఆ రేకు వెనక చేరతాయి, ఎంత కడిగినా పూర్తిగా రావు. తర్వాత ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్‌తో పాటు జారి బేరింగులను గీకేస్తాయి. అందుకే ఆ కవరుకు బ్లాస్టింగే వద్దని, పెయింట్ రిమూవర్, స్కాచ్‌బ్రైట్‌తో చేత్తోనే తీయించారు. పాత పెయింటు ఊడటానికి చాలామంది కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తారు కదా, అల్యూమినియాన్ని అది తినేస్తుందని గట్టిగా చెప్పారు. జెన్ ఇంజన్‌లో బ్లాకు, హెడ్డు కూడా అల్యూమినియమే కాబట్టి ఈ మాట జెన్ ఉన్నవాళ్లందరూ గుర్తుపెట్టుకోండి.

మేనిఫోల్డ్‌కు మాత్రం బ్లాస్టింగ్ ఒప్పుకున్నారు, గాజుపూసలతోనే. నీవా ఏటి ఇసుక జల్లించి కొడదామని పక్కన ఎవరో అంటే ఆయన గొంతు మారిపోయింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, వచ్చిందంటే పోయే జబ్బు కాదు. తనతో పనిచేసినవాళ్లను తలచుకుని కాసేపు మాట్లాడలేదు. మాస్కు లేకుండా మమ్మల్నెవర్నీ షెడ్డులోకి రానివ్వలేదు.

పోత అల్యూమినియం గురించి ఆయన చెప్పింది నాకు అన్నిటికన్నా విలువైన పాఠం. పైకి ఎంత శుభ్రంగా కనిపించినా, ఏళ్లుగా పీల్చిన ఆయిల్ ఆ సన్న రంధ్రాల్లో ఉంటుంది. అలాగే పౌడరు వేసి ఓవెన్‌లో పెడితే ఆవిరి పైకి తన్ని కోటింగ్ నిండా సూదిబెజ్జాలు పడతాయి. అందుకే మేనిఫోల్డ్‌ను ముందు ఉత్తగానే, కోటింగ్‌కు వాడే వేడికన్నా కాస్త ఎక్కువలో కాల్చాం. పొగ వచ్చింది. చల్లార్చి, అసిటోన్‌తో తుడిచి మళ్లీ కాల్చాం. పొగ ఆగేదాకా పౌడరు డబ్బా మూత తీయనివ్వలేదు.

మాస్కింగ్ ఆయనే కూర్చుని చేశారు. గాస్కెట్ ఆనే ముఖాలకు వేడి తట్టుకునే టేపు, బోల్టు రంధ్రాలకు సిలికాన్ బిరడాలు. ఆల్టర్నేటర్ బ్రాకెట్ మీద బోల్టు తల ఆనే చోటు, ఎర్త్ వైరు బిగించే చోటు వదిలేశారు. కోటింగ్ లోంచి కరెంటు పారదు. బోల్టు కింద అది నలిగితే బిగింపు కూడా వదులవుతుంది. ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు కూడా వేద్దామా అని అడిగా. ఆ వేడికి మామూలు పౌడరు నిలవదు, వద్దన్నారు.

ఓవెన్ ముల్లు 200 డిగ్రీలు చూపించగానే టైము మొదలుపెట్టకూడదట. అది గాలి వేడి. మందపాటి మేనిఫోల్డ్ ఆ వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. తన సంచీలోంచి థర్మోకపుల్ మీటరు (వైరు తగిలించి వేడి కొలిచేది) తీసి, వైరు లోహానికి తగిలించి, లోహమే 200 చేరాక పావుగంట ఉంచారు. ఆ మీటరు వెళ్తూ నాకే ఇచ్చేశారు. మేస్త్రీ, మీకు నేనేమివ్వగలను? మీ పని మీదున్న గౌరవం నాకూ అబ్బాలని మాత్రం కోరుకుంటున్నా.

పక్కవీధి ఎలక్ట్రీషియన్ అన్నకు. పౌడరు అంటుకోవాలంటే పార్టుకు మంచి ఎర్త్ ఉండాలని వినగానే, ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ గుంత తవ్వించాడు. ఓవెన్‌కు విడిగా లైను, ఎంసీబీ పెట్టాడు. పాత బేకరీ ఓవెన్‌ను ఉత్తపుణ్యానికి ఇచ్చిన అక్కకు. ఇక అందులో తినేవేవీ పెట్టకూడదని ముందే చెప్పినా, "నీకు పనికొస్తే చాలబ్బా" అంది. కంప్రెసర్, దాంతో పాటు నీళ్లు పట్టే ఫిల్టరు కూడా ఇచ్చిన పంక్చర్ షాపు తమ్ముడికి. గాలిలో తేమ ఉంటే పౌడరు ఉండలు కడుతుంది, ఆ ఫిల్టరే కాపాడింది. అమ్మకు కూడా. గాల్లో లేచిన పౌడరుకు నిప్పు తగిలితే అంటుకుంటుందని మేస్త్రీ చెప్పారని, మేం గన్ను కడిగి షెడ్డు ఊడ్చేదాకా సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టకుండా ఆగింది.

ఓవెన్, మీటరు మా షెడ్డులోనే ఉంటాయి. చిత్తూరు చుట్టుపక్కల ఎవరైనా పాత బండి బాగుచేసుకుంటుంటే వచ్చి వాడుకోండి, డబ్బులేమీ వద్దు. పార్టులు డీజిల్‌తో ఒకసారి, సబ్బునీళ్లతో ఒకసారి కడిగి తెండి. మేనిఫోల్డ్ అయితే ఒక పూట ఖాళీ పెట్టుకుని రండి, పొగ ఆగేదాకా కాల్చాలి.